రిటైరైన రన్నింగ్ బ్యాక్ స్థానంలో ఎవరు? వాదనకు దిగే ముందు ఫ్యాన్ చేయాల్సిన హోంవర్క్

2016 ఫిబ్రవరి 7. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రో లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, సూపర్ బౌల్ 50లో డెన్వర్, కరోలినా తలపడుతున్నాయి. మా సియాటిల్ సీహాక్స్ అప్పటికే ఇంటికొచ్చేశారు కాబట్టి సగం మనసుతో టీవీ చూస్తున్నాం. ఆట ఇంకా అవ్వనే లేదు, మా రన్నింగ్ బ్యాక్ మార్షాన్ లించ్ ట్విటర్‌లో ఒక ఫొటో పెట్టాడు: కరెంటు తీగకు వేలాడుతున్న బూట్ల జత. ఒక్క మాట కూడా రాయలేదు. మాట్లాడ్డం ఇష్టంలేని మనిషి రిటైర్మెంట్ కూడా అలాగే చెప్పాడు.

పది నిమిషాల్లో మా వాట్సాప్ గ్రూపులో పేర్లు మొదలయ్యాయి. రెడ్‌మండ్, బాథెల్, సమామిష్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల గ్రూపు అది. మామూలు రోజుల్లో కరివేపాకు మొక్కల గురించీ, వీసాల గురించీ మాట్లాడుకుంటాం. ఆ రాత్రి మాత్రం అందరూ కోచ్‌లే. "రాల్స్ ఉన్నాడుగా బావా, ఇంకేం టెన్షన్?" అన్నది నేనే, లించ్ తర్వాతి కుర్ర రన్నింగ్ బ్యాక్ థామస్ రాల్స్ గురించి. ఎంత తప్పు చెప్పానో తెలియడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఆ తప్పులోంచి నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ అడుగులుగా రాస్తున్నాను. లించ్ కేసునే మొదటినుంచి చివరిదాకా వాడతాను, ఎందుకంటే దాని ఫలితం ఇప్పుడు మన చేతిలో ఉంది.

ఆటకు కొత్తవాళ్లకు రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పది యార్డులు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. యార్డ్ అంటే మన గజమే. క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరొచ్చు, లేదా పక్కనున్న రన్నింగ్ బ్యాక్ చేతికివ్వొచ్చు. అతను బంతి పొట్టకు హత్తుకుని, నూట ముప్పై కిలోల మనుషుల మధ్యలోంచి దూసుకెళ్లాలి. అలా వెళ్లిన ప్రతిసారీ అతని ఖాతాలో ఒక క్యారీ పడుతుంది. బంతితో ప్రత్యర్థి చివరి గీత, అంటే గోల్ గీత, దాటితే టచ్‌డౌన్.

1. ముందు క్యాలెండర్ చూడండి

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త ఆటగాడు వచ్చే తలుపులు ఏడాది పొడవునా తెరిచి ఉండవు. మార్చి మధ్యలో ఫ్రీ ఏజెంట్ల (ఒప్పందం అయిపోయిన ఆటగాళ్ల) సంత, ఏప్రిల్ చివర్లో జట్లు రౌండ్ల వారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్, జులై చివర్లో ట్రైనింగ్ క్యాంప్. రిటైర్మెంట్ ఏ నెలలో వచ్చిందో తెలియకుండా పేర్లు చెప్పడం అనవసరం.

లించ్ ఫిబ్రవరిలో చెప్పాడు. జట్టుకు తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. డెట్రాయిట్ లయన్స్‌కు ఆ అదృష్టం లేదు. బ్యారీ శాండర్స్ 1999 జులై చివర్లో, క్యాంప్ మొదలయ్యే వేళకు, తన సొంత ఊరు విచిటాలోని దినపత్రికకు ఫ్యాక్స్ పంపి తప్పుకున్నాడు. పదేళ్లలో 15,269 యార్డులు పరుగెత్తిన మనిషి. అప్పటి ఆల్‌టైమ్ రికార్డుకు 1,457 యార్డుల దూరంలో ఆగిపోయాడు. అప్పటికి డ్రాఫ్ట్ అయిపోయింది, మంచి ఫ్రీ ఏజెంట్లు సర్దుకున్నారు. ఆ ఏడాది లయన్స్‌లో అందరికంటే ఎక్కువ పరుగెత్తిన గ్రెగ్ హిల్ చేసింది 542 యార్డులు.

కానీ ఒక విచిత్రం. శాండర్స్ ఉన్న 1998లో ఆ జట్టు 5 గెలిచి 11 ఓడింది. అతను లేని 1999లో 8 గెలిచి 8 ఓడి నాకౌట్ దశకు, అంటే ప్లేఆఫ్స్‌కు, వెళ్లింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇంకో జాగ్రత్త: నిజంగానే రిటైరయ్యాడా? ఒప్పందం ఇంకా మిగిలుంటే, రిటైరైనా అతని హక్కులు పాత జట్టు దగ్గరే ఉంటాయి. లించ్ 2017లో మనసు మార్చుకుంటే సియాటిల్ అతన్ని సొంతూరు ఓక్లండ్ జట్టుకు మార్పిడిలో ఇచ్చేసింది, దాన్నే ట్రేడ్ అంటారు.

2. పేర్లు పక్కన పెట్టి పనులు రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. "లించ్ స్థానంలో ఎవరు" అని అడిగితే నోటికి పేరే వస్తుంది. "లించ్ చేసే పనులు ఏమిటి, ఏ పని ఎవరు చేస్తారు" అని అడిగితే కాగితం కావాలి. ఆ కాగితం తీయండి.

మనకిది క్రికెట్‌లో తెలిసిన విషయమే. 2012 ఆగస్టులో వీవీఎస్ లక్ష్మణ్ రిటైరైనప్పుడు అతని బ్యాటింగ్ స్థానంలో ఎవరొస్తారని హైదరాబాద్ అంతా మాట్లాడుకుంది. 2010లో మొహాలీలో, నడుం నొప్పితో, చివరి ఇద్దరు బౌలర్లను పక్కనపెట్టుకుని 73 నాటౌట్‌తో ఆస్ట్రేలియా మీద ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడే, ఆ పని ఎవరు చేస్తారని అడిగినవాళ్లు తక్కువ. స్థానం వేరు, పని వేరు.

లించ్ పనులు రాద్దాం. మొదటిది, బరువు మోయడం. 2011 నుంచి 2014 వరకు నాలుగు సీజన్లలో 1,181 క్యారీలు, 5,357 యార్డులు, 48 టచ్‌డౌన్లు. ఏడాదికి సుమారు మూడొందల సార్లు ఆ గుంపులోకి తలదూర్చాడన్నమాట. రెండోది, ఒకటి రెండు యార్డులు కావాల్సిన చోట అవి తేవడం. హైలైట్ వీడియోల్లో ఇది కనిపించదు, ఎందుకంటే రెండు యార్డుల పరుగును ఎవరూ వీడియోలో పెట్టరు. మూడోది, బంతి అందుకోవడం: 2014లో 37 పాస్‌లు పట్టి 4 టచ్‌డౌన్లు చేశాడు. నాలుగోది, బ్లిట్జ్ వచ్చినప్పుడు, అంటే అదనపు డిఫెండర్లు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చినప్పుడు, అతని ముందు గోడలా నిలబడటం. కుర్రాళ్లు ఎక్కువగా ఫెయిలయ్యేది ఇక్కడే. పరుగెంత బాగున్నా ఇది రాకపోతే కోచ్ మైదానంలోకి పంపడు.

ఐదోది భయం. క్వార్టర్‌బ్యాక్ వెనకాల లించ్ నిలబడితే చాలు, ప్రత్యర్థి ఒక డిఫెండర్‌ను అదనంగా ముందుకు తెచ్చుకునేవాడు. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ బంతి ఇచ్చినట్టే ఇచ్చి, డిఫెండర్లందరూ లించ్ మీద పడగానే తానే పక్కనుంచి పరుగెత్తేవాడు. 2014లో విల్సన్ కాళ్లతో చేసిన 849 యార్డుల్లో లించ్ వాటా ఎంతో ఏ లెక్కా చెప్పదు, ఉందని మాత్రం ఆట చూసిన ఎవరైనా చెప్తారు.

ఆరోదాన్ని మా గ్రూపులో ఒక్కరు కూడా రాయలేదు. రోజూ డ్యూటీకి రావడం. ఆ నాలుగేళ్లలో 64 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లుంటే లించ్ 63 ఆడాడు. ఆ దెబ్బలు తినే ఉద్యోగంలో అది నమ్మశక్యం కాని హాజరు. 2015లో ఆ హాజరే పోయింది: 7 మ్యాచ్‌లు, 111 క్యారీలు, 417 యార్డులు, నవంబర్‌లో పొత్తికడుపు ఆపరేషన్.

ఇక్కడొక మాట. ఈ కాగితం మీద మీకిష్టమైన ఒక్క పరుగు రాయకండి. 2011 జనవరి 8న న్యూ ఓర్లీన్స్ మీద లించ్ కొట్టిన 67 యార్డుల పరుగు నాకూ ప్రాణమే. స్టేడియంలో జనం ఎగిరిన ఎగురుడికి దగ్గర్లోని భూకంప పరికరాల్లో కదలిక నమోదైంది. బీస్ట్ క్వేక్ అంటాం దాన్ని. కానీ కొత్తవాడిని ఆ పరుగుతో పోలిస్తే ఎవడూ ఆనడు. అంతెందుకు, తర్వాతి సంవత్సరాల్లో లించే దానికి ఆనలేదు.

రాశాక, పనులకు మార్కులు వేయండి. వంద మార్కుల్లో ఏ పనికెన్ని? ఇప్పుడైతే హాజరుకు 30 వేస్తాను. ఆ రోజు అడిగితే సున్నా వేసేవాణ్ని.

3. పరుగెత్తేవాడి కంటే ముందు దారి వేసేవాళ్లను చూడండి

రన్నింగ్ బ్యాక్ పెళ్లికొడుకులాంటివాడు. ఫొటోలన్నీ అతనివే, పనంతా వెనకాల బంధువులది. ఇక్కడ ఆ బంధువులు ముందువరుసలో వంగి నిలబడే ఐదుగురు, ఆఫెన్సివ్ లైన్. వాళ్లు సందు తెరిస్తేనే ఇతను దూరతాడు.

2016 వసంతంలో మేం పేర్లతో కొట్టుకుంటుండగా ఆ సందు మూసుకుపోతోంది. ఆ లైన్‌లో నడిమివాడు, సెంటర్ మ్యాక్స్ ఉంగర్‌ను అంతకు ఏడాది ముందే, 2015 మార్చిలో, పాస్‌లు పట్టే జిమ్మీ గ్రాహమ్ కోసం న్యూ ఓర్లీన్స్‌కు ఇచ్చేశారు. 2016 మార్చిలో లెఫ్ట్ ట్యాకిల్ రసెల్ ఓకుంగ్ డెన్వర్ వెళ్లిపోయాడు, గార్డ్ జె.ఆర్. స్వీజీ టాంపా బే వెళ్లిపోయాడు. ఆ సీజన్ సగానికి వచ్చేసరికి లెఫ్ట్ ట్యాకిల్‌గా ఆడుతున్న జార్జ్ ఫాంట్ కాలేజీలో ప్రధానంగా బాస్కెట్‌బాల్ ఆడినవాడు. ఆ కుర్రాణ్ని తప్పుపట్టడం లేదు, పాపం నిలబడ్డాడు. కానీ అతని వెనకాల పరుగెత్తేవాడి పేరు మీద రాత్రంతా వాదించుకున్న మమ్మల్ని ఏమనాలి?

లించ్ గొప్పతనం కూడా ఇక్కడే దొరుకుతుంది. సందు లేని చోట ఇద్దర్ని ఈడ్చుకుంటూ మూడు యార్డులు తెచ్చేవాడు కాబట్టి లైన్ ఎంత పాడైందో మాకు తెలిసేది కాదు.

దీన్ని మీరే పరీక్షించొచ్చు. మీ జట్టు పాత మ్యాచ్ ఒకటి పెట్టుకుని, పది పరుగులు చూడండి. రన్నింగ్ బ్యాక్ చేతికి బంతి అందిన క్షణంలో పాజ్ నొక్కండి. అతనికి రెండడుగుల దూరంలో ప్రత్యర్థి చొక్కా కనిపిస్తోందా? పదిలో నాలుగైదు సార్లు కనిపిస్తే మీ జట్టుకు ముందు కావాల్సింది రన్నింగ్ బ్యాక్ కాదు. గంట పని, అంతే. ఈ పని చేసి వచ్చినవాడి మాటకు గ్రూపులో విలువ పెరగడం కళ్లారా చూశాను.

క్వార్టర్‌బ్యాక్ ఆరోగ్యం కూడా ఇదే కాగితం మీద రాయాలి. 2016 మొదటి మ్యాచ్‌లోనే విల్సన్ చీలమండకు దెబ్బ, మూడో మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ. పరుగులో అతని యార్డులు 2014లో 849, 2015లో 553, 2016లో 259. లించ్ పోయి, విల్సన్ కాళ్లూ దెబ్బతిన్నాక ప్రత్యర్థి మూడోవాడిని చూసి ఎందుకు భయపడతాడు?

లయన్స్ విచిత్రానికి జవాబు కూడా ఈ దారిలోనే ఉంది. ఒక మనిషి ఎంత గొప్పవాడైనా పదకొండుమందిలో ఒకడే. అతను పోతే జట్టు పడిపోతుందనేది ఫ్యాన్ గుండె చెప్పే మాట, స్కోరుబోర్డు ఒప్పుకోదు.

4. ఇప్పుడు పేర్లు, కానీ తలుపుల వారీగా

కొత్తవాడు రావడానికి నాలుగు దారులు: ఇంట్లోనే ఉన్నవాడు, డ్రాఫ్ట్, ఫ్రీ ఏజెంట్, ట్రేడ్. ఒక్కో దారిలో కనీసం ఒక పేరు రాయకుండా తర్వాతి అడుగు వేయొద్దు. లేకపోతే మనసులో ముందే ఉన్న పేరు చుట్టూ కారణాలు వెతుక్కుంటాం.

ఇంట్లోవాడి మీద చులకన వద్దు. క్లీవ్‌లాండ్‌లో జిమ్ బ్రౌన్ తొమ్మిది సీజన్లు ఆడి ఎనిమిదిసార్లు లీగ్‌లో అందరికంటే ఎక్కువ యార్డులు చేసి, 1966 వేసవిలో లండన్‌లో సినిమా షూటింగ్‌లో ఉండగా ఆట వదిలేశాడు. అతని వెనకాల రెండేళ్లుగా ఎదురుచూస్తున్న లెరాయ్ కెల్లీ డ్రాఫ్ట్‌లో ఎనిమిదో రౌండ్‌వాడు. ఆ ఏడాదే 1,141 యార్డులు చేశాడు. 1967, 1968లో లీగ్‌లో మొదటి స్థానం. పిట్స్‌బర్గ్‌లో జెరోమ్ బెటిస్ 2006 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచి రిటైరయ్యే నాటికే, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని విల్లీ పార్కర్ 1,202 యార్డుల సీజన్ ముగించాడు. నన్నడిగితే ఇంతకంటే సాఫీగా కుర్చీ చేతులు మారింది లేదు, ఎందుకంటే పెద్దాయన ఇంకా ఉండగానే పని పంచుకున్నారు.

సియాటిల్‌లో 2016లో ఇంట్లో ఉన్నవాళ్లు ఇద్దరు. థామస్ రాల్స్, 2015లో డ్రాఫ్ట్ కాకుండా వచ్చినవాడు. క్రిస్టీన్ మైకేల్, 2013లో రెండో రౌండ్‌లో తీసుకున్నవాడు. మైకేల్‌ను 2015లో డాలస్‌కు పంపించేశారు, తర్వాత వాషింగ్టన్ మీదుగా అదే డిసెంబర్‌లో తిరిగొచ్చాడు. డ్రాఫ్ట్‌లో జట్టు ఒక్కరిని కాదు, ముగ్గుర్ని తీసుకుంది: మూడో రౌండ్‌లో సి.జె. ప్రొసైస్, ఐదో రౌండ్‌లో అలెక్స్ కాలిన్స్, ఏడో రౌండ్‌లో జాక్ బ్రూక్స్. ఒకే పనికి ముగ్గుర్ని తీసుకున్నారంటే కోచ్‌లకే రాల్స్ మీద పూర్తి ధీమా లేదని అర్థం. ఆ రోజు దాన్ని మేం "డెప్త్" అని సర్దిచెప్పుకున్నాం. మొదటి ఎంపికతో మాత్రం లైన్‌మన్ జర్మెయిన్ ఇఫెడీని తీసుకున్నారు. జబ్బు ఎక్కడుందో వాళ్లకు తెలుసు, మందు చాల్లేదు.

ట్రేడ్ తలుపును ఫ్యాన్స్ మర్చిపోతారు. లించ్ సియాటిల్‌కు వచ్చిందే ఆ దారిలో. 2010 అక్టోబర్‌లో, సీజన్ మధ్యలో, బఫెలో అతన్ని డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్ పిక్ (ఎంచుకునే హక్కు), ఇంకో కింది పిక్ తీసుకుని వదిలేసింది. అంటే సెప్టెంబర్‌లో జవాబు లేకపోయినా అక్టోబర్‌లో దొరకొచ్చు.

5. అంకెలను కాస్త పిండండి

రాల్స్ 2015 అంకె చూసే నేను పడిపోయాను: 147 క్యారీల్లో 830 యార్డులు, సగటు 5.6. మామూలుగా నాలుగు, నాలుగున్నర ఉంటే మంచి రన్నింగ్ బ్యాక్ అంటాం. లించ్ ఆ నాలుగేళ్ల సగటు 4.5.

మొదటి పరీక్ష: మంచి రోజులు రెండు తీసేసి చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో మీద 30 క్యారీల్లో 209, సిన్సినాటి మీద 23 క్యారీల్లో 169. అవి తీసేస్తే 94 క్యారీల్లో 452, సగటు 4.8. పాసయ్యాడు. ఈ పరీక్షలో చాలామంది సగటు మూడున్నరకు జారిపోతుంది. కాబట్టి రాల్స్ గాలివాటం కాదు, నిజంగానే మంచి ఆటగాడు.

రెండో పరీక్ష: ఎన్ని క్యారీల మీద? లించ్ ఏడాదికి మోసిన దాంట్లో సగం. 147కు తట్టుకున్న శరీరం 290కి తట్టుకుంటుందని ఎవరు చెప్పారు? 2015 డిసెంబర్ 13న బాల్టిమోర్‌లో రాల్స్ చీలమండ విరిగింది. మేం వాదించుకుంటున్న ఫిబ్రవరిలో అతనింకా కోలుకుంటున్నాడు. ఇదంతా తెలిసే, "కుర్రాడు, తగ్గిపోతుందిలే" అని కొట్టిపారేశాను.

మూడోది: ఆ యార్డులు ఏ లైన్ వెనకాల? ఓకుంగ్, స్వీజీ ఇంకా ఉన్న లైన్ వెనకాల.

కాలేజీ అంకెల విషయంలో ఇంకా జాగ్రత్త. అలెక్స్ కాలిన్స్ ఆర్కాన్సాలో వరసగా మూడేళ్లు వెయ్యి యార్డులు దాటాడు. సియాటిల్‌లో అవకాశాలు సరిగ్గా రాలేదు, 2017లో వదిలేశారు. అదే ఏడాది బాల్టిమోర్‌లో 973 యార్డులు చేశాడు. "వాడు పనికిరాడు" అని గ్రూపులో తీర్పు చెప్పినవాళ్లు ఆ డిసెంబర్‌లో కనిపించకుండా పోయారు.

6. డబ్బు సంగతి

ప్రతి జట్టు జీతాలకు లీగ్ ఒక గీత గీస్తుంది, అదే సాలరీ క్యాప్. 2016లో అది 155.27 మిలియన్ డాలర్లు. ఆ గీత కింద లించ్ లెక్క 11.5 మిలియన్లు: జీతం 9, ముందే ఇచ్చేసిన బోనస్‌లో ఆ ఏటి వాటా 2.5. రిటైరైతే జీతం మిగులుతుంది గానీ, బోనస్‌లో ఇంకా లెక్కకెక్కని 5 మిలియన్లు నెత్తిన పడతాయి. నికరంగా మిగిలింది 6.5. "లించ్ పోయాడు, పదకొండు మిలియన్లు ఖాళీ" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

7. ఒక్కడే ఎందుకుండాలి?

రెండో అడుగులో రాసిన కాగితం తీసి, ఒక్కో పని ఎదురుగా ఒక్కో పేరు రాయండి. అన్నిటికీ ఒకే పేరు రాకపోవచ్చు. రాకపోవడమే మామూలు. న్యూయార్క్ జెయింట్స్‌లో టికీ బార్బర్ 2006లో 1,662 యార్డులు చేసి రిటైరయ్యాడు. మరుసటి ఏడాది భారీ మనిషి బ్రాండన్ జేకబ్స్ 1,009, డెరిక్ వార్డ్ 602. ఏడో రౌండ్ కుర్రాడు అహ్మద్ బ్రాడ్‌షా చివర్లో అందుకున్నాడు. అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని న్యూ ఇంగ్లండ్‌ను 17-14తో ఓడించి ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచింది.

ఈ పద్ధతిలో చూస్తే 2016 సియాటిల్ కాగితం ఇలా ఉండాలి: మొదటి రెండు డౌన్లకు రాల్స్, అతనికి దెబ్బ తగిలితే మైకేల్, మూడో డౌన్‌లో పాస్‌లు పట్టడానికి, కాలేజీలో రిసీవర్‌గా మొదలైన ప్రొసైస్. గోల్ గీత దగ్గర ఎవరు? అక్కడ ఖాళీ. ఖాళీని ఖాళీగానే వదిలేయండి. ఏదో ఒక పేరుతో నింపితే వాదన గెలుస్తారేమో గానీ విషయం అర్థం కాదు.

8. ఇక వాదనకు కూర్చోండి

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆట, పన్నెండుకే ఎవరింట్లోనో పులిహోర, చికెన్ వింగ్స్ పక్కపక్కన. వాదన అక్కడే మొదలవుతుంది. అక్కడ పనికొచ్చే కొన్ని అలవాట్లు చెప్తాను.

ఎవరైనా అంకె చెప్తే "అన్నా, అది ఎన్ని క్యారీల మీద?" అని నెమ్మదిగా అడగండి. ఎకసెక్కంగా అడిగితే మనిషి మొండికేస్తాడు. ఎవరైనా పేరు చెప్తే "వీడు ఏ పని చేస్తాడు?" అని అడగండి. లించ్‌తో పోలిక తెస్తే, ఏ ఏడాది లించ్‌తో అని అడగండి. 2012లో 1,590 చేసిన లించ్‌తోనా, 2015లో సగటు 3.8కు పడిపోయిన లించ్‌తోనా? రిటైరైనవాడి స్థానంలో వచ్చేవాడు నిజానికి పోటీపడాల్సింది ఆ చివరి ఏడాది మనిషితో.

గదిలో పెద్దవాళ్లు ఉంటారు, ఇరవై ఏళ్లుగా సీజన్ టికెట్ ఉన్న బాబాయిలు. వాళ్లు అంకెలు చెప్పరు, "వాడి నడుంలో దమ్ము లేదురా" అంటారు. కొట్టిపారేయకండి. మైకేల్ విషయంలో మా బాబాయి ఒకాయన మొదటినుంచీ ఒకటే మాట: "సందు వచ్చేదాకా ఆగడు, కంగారెక్కువ." అప్పటి సియాటిల్ లైన్ కోచ్ టామ్ కేబుల్ ఆడించిన జోన్ బ్లాకింగ్‌కు (లైన్ అంతా కలిసి ఒకే వైపు కదులుతూ సందు తెరిచే పద్ధతికి) కావాల్సిందే ఆ ఓపిక. ఆయనకు జోన్ బ్లాకింగ్ అనే మాట తెలుసో లేదో, విషయం మాత్రం తెలుసు.

ఇంకొక్కటి. వాదనలో ఎప్పుడో ఒకసారి "ఏం జరిగితే నా మాట వెనక్కి తీసుకుంటాను" అన్నది మీ అంతట మీరే చెప్పండి. "అక్టోబర్ చివరికి రాల్స్ 80 క్యారీలు దాటకపోతే నేను తప్పు" అన్నట్టు. ఆ మాట నేను 2016లో అని ఉంటే ఎంత బాగుండేది.

9. రాసి పిన్ చేసి, మూడేళ్లు ఆగండి

సీజన్ మొదలయ్యేలోపు అందరి కాగితాలూ ఫొటో తీసి గ్రూపులో పిన్ చేయండి. ఒక్క సీజన్‌తో తేల్చకండి. మా కాగితాలు ఎలా తేలాయో చూడండి.

2016: రాల్స్‌కు రెండో మ్యాచ్‌లోనే కాలి ఎముకకు దెబ్బ తగిలింది. మొత్తం 349 యార్డులు. జట్టులో ఎక్కువ పరుగెత్తింది మైకేల్, 469 యార్డులు, 6 టచ్‌డౌన్లు. ఆ మైకేల్‌ను నవంబర్ మధ్యలోనే తీసేశారు. అంటే ఏడు వారాలు ముందే ఉద్యోగం పోయినవాడు ఏడాది చివరికి జట్టు టాపర్. నవంబర్‌లో ఫిలడెల్ఫియా మీద 72 యార్డుల టచ్‌డౌన్ కొట్టిన ప్రొసైస్ అదే మ్యాచ్‌లో భుజం దెబ్బతో సీజన్‌కు దూరమయ్యాడు. 2017 జనవరిలో డెట్రాయిట్ మీద ప్లేఆఫ్స్‌లో రాల్స్ 161 యార్డులు చేసి, లించ్ పేరు మీదున్న 157 యార్డుల జట్టు ప్లేఆఫ్ రికార్డు దాటాడు. ఆ రాత్రి గ్రూపులో నేను వేసిన వేషాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ తర్వాత అతనికి అలాంటి రోజు మళ్లీ రాలేదు.

2017: ఎడ్డీ లేసీని ఫ్రీ ఏజెంట్‌గా తెచ్చారు. బరువు తగ్గితే ఒక్కో తూకానికి 55,000 డాలర్ల బోనస్ అని ఒప్పందం. తూకాల్లో నెగ్గాడు, మైదానంలో 179 యార్డులతో ఆగిపోయాడు. జట్టులో ఎక్కువ పరుగెత్తింది క్వార్టర్‌బ్యాక్ విల్సన్, 586. రన్నింగ్ బ్యాక్‌లందరూ కలిసి పరుగులో చేసిన టచ్‌డౌన్లు ఏడాది మొత్తానికి ఒక్కటి.

2018: హ్యూస్టన్ నుంచి ట్రేడ్‌లో వచ్చిన డ్వేన్ బ్రౌన్ లెఫ్ట్ ట్యాకిల్‌గా కుదురుకున్నాడు. స్వీజీ తిరిగొచ్చాడు. కేబుల్ పోయి కొత్త లైన్ కోచ్ వచ్చాడు. మొదటి రౌండ్‌లో 27వ ఎంపికతో రషాడ్ పెనీని తీసుకుంటే, అతన్ని వెనక్కి నెట్టి 1,151 యార్డులు చేసినవాడు క్రిస్ కార్సన్, 2017 డ్రాఫ్ట్‌లో 249వ ఎంపిక. 2014లో లించ్ తర్వాత సియాటిల్‌లో వెయ్యి దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్. ఆ ఏడాది పరుగులో లీగ్ మొత్తానికి సియాటిలే మొదటి జట్టు.

మేం 2016 ఫిబ్రవరిలో అంత గొంతు చించుకున్న ప్రశ్నకు జవాబు కార్సన్. ఆ రాత్రికి అతనింకా ఓక్లహోమా స్టేట్ కాలేజీలో ఉన్నాడు. పిన్ చేసిన పద్నాలుగు కాగితాల్లో ఏ ఒక్కదానిలోనూ ఆ పేరు లేదు, ఉండే అవకాశమూ లేదు. కానీ రెండు కాగితాల్లో మాత్రం "ముందు లైన్ సరిచేయండి" అని ఉంది. ఆ ఇద్దరికీ ఆ సంక్రాంతికి బిర్యానీ మేమే పెట్టించాం.

2019 డిసెంబర్‌లో, ప్లేఆఫ్స్ ముంగిట, పెనీ మోకాలితో అప్పటికే అవుట్. అరిజోనాతో ఒక్క మ్యాచ్‌లోనే కార్సన్, ప్రొసైస్ ఇద్దరూ పోయారు. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే గ్రూపు. నేను ఈసారి పేరు చెప్పకుండా కాగితం తీసి పనులు రాయడం మొదలుపెట్టాను. గోల్ గీత దగ్గర ఎవరు అని రాసేలోపే వార్త వచ్చింది: మార్షాన్ లించ్ సంతకం చేశాడు, 33 ఏళ్ల వయసులో. డిసెంబర్ 29న శాన్‌ఫ్రాన్సిస్కో మీద 12 సార్లు బంతి పట్టుకుని 34 యార్డులు, ఒక టచ్‌డౌన్. చివరి సెకన్లలో ఒక్క యార్డు వస్తే గెలుపు. అతన్ని మైదానంలోకి పంపే హడావుడిలో టైమ్ దాటిపోయి ఐదు యార్డుల పెనాల్టీ పడింది, 26-21తో ఓడిపోయాం.